గింజల ఇంట్లో మనుషులు

ఆ ఇంట్లో వంటగది దాటి ముందుగదిలోకి వచ్చే చోట ఒక దూలం ఉంది. సరిగ్గా నుదుటికి తగిలే ఎత్తు. మా మేనకోడలు పాత వెంకటగిరి చీర కొంగును నాలుగు మడతలు పెట్టి, మధ్యలో దూది కూరి, చుట్టూ కుట్టి దానికి కట్టింది. రెండు కొసలా తాళ్లతో కట్టిందే తప్ప మేకు కొట్టలేదు. “అన్నేళ్ల కర్రకు మేకు కొట్టబుద్ధి కాలేదు మామయ్యా” అంది. పొద్దుటి ఎండ పడ్డప్పుడు ఆ నల్లటి దూలం మీద జరీ అంచు కాస్త మెరిసేది.

“మామయ్యా, తల!” స్టవ్ దగ్గర నుంచి వెనక్కి తిరగకుండానే అనేది. అడుగుల చప్పుడును బట్టి ఎవరు ఎక్కడిదాకా వచ్చారో తనకు తెలిసిపోయేది. మొదటి రెండు రోజులు ఆ కేక విన్నాక వంగేవాణ్ని. మూడో రోజు నుంచి కేకతో పని లేకపోయింది. పది రోజుల తర్వాత మన ఊరికి తిరిగొచ్చాక కూడా, మా ఇంటి వంటగది గుమ్మం దగ్గర మెడ దానంతట అదే ఒకసారి కిందికి దిగింది. ఒక ఇల్లు ఒంటికి అంత తొందరగా అలవాటు నేర్పుతుందని అప్పటిదాకా అనుకోలేదు.

ఇంగ్లండ్‌కు తూర్పున, సముద్రం వైపు, సఫోక్ అనే ప్రాంతంలో చిన్న పల్లె అది. మేనకోడలు, అల్లుడు ఇద్దరూ దగ్గరి పట్టణంలో ఆసుపత్రి డాక్టర్లు. ఆ పల్లెల్లో చాలా ఇళ్లకు నంబర్ల బదులు పేర్లుంటాయి. వీళ్ల గేటు పక్కన చెక్క మీద ‘ది మాల్టింగ్స్’ అని రాసి ఉంది. ఎవరిదో ఇంటిపేరు కాబోలు అనుకున్నాను. తర్వాత కారులో తిరుగుతుంటే పక్క ఊళ్లోనూ అదే పేరు కనిపించింది, ఆ పై ఊళ్లోనూ కనిపించింది. అప్పుడు అడిగాను. ఇంటిపేరు కాదట, పని పేరు. బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, మాల్ట్ చేసే చోటును మాల్టింగ్ అంటారు. బీరు కాయడానికి మాల్టే ఆధారం. అంటే అది మనుషులు ఉండడానికి కట్టిన ఇల్లు కాదు. గింజలు ఉండడానికి కట్టింది.

మాల్ట్ మనకు కొత్త మాటేం కాదు. రాగి మాల్ట్ ఇవాళ పొద్దున్నే నడకకు వెళ్లేవాళ్ల కోసం బండ్ల మీద అమ్ముతున్నారు. మా అమ్మ ఆ మాట వాడేది కాదు గానీ చేసే పని అదే. రాగులు రాత్రంతా నానబోసి, పొద్దున్నే వడకట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఇత్తడి గిన్నెలో పెట్టి మూత వేసేది. మర్నాడో ఆ మర్నాడో మూట విప్పితే తెల్లటి మొలకలు గుడ్డ నేతలోంచి కూడా బయటికి పొడుచుకొచ్చి ఉండేవి. వాటిని నీడన ఆరబెట్టి, మూకుట్లో దోరగా వేయించి, తిరగలిలో విసిరేది. పసిపిల్లకు జావ, జ్వరం తగ్గి లేచినవాడికి జావ, పరీక్షలకు చదివేవాడికి జావ. ఎందుకమ్మా మొలకెత్తించడం అంటే, “తియ్యబడుతుందిరా” అనేది. మొలకను పెంచుకోవడానికి గింజ తనలోని పిండిని చక్కెరగా మార్చుకునే ఏర్పాటు చేసుకుంటుందని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. అమ్మ చెప్పిందీ అదే.

బార్లీ మాల్ట్ వాసన కూడా మనకు తెలిసిందే. హార్లిక్స్ సీసా మూత తీయగానే వచ్చే వాసన. ఆ సీసా ఖాళీ అయ్యాక పారేసిన ఇల్లు నేను చూడలేదు. ఒకదాంట్లో చింతపండు, ఒకదాంట్లో ధనియాలు, అటక మీద ఒకదాంట్లో ఎవరికీ అక్కర్లేని బొత్తాలు. అంత దూరం వెళ్లి ఆ పల్లెటూరి ఇంట్లో నిలబడి, ఇక్కడ నాలుగు వందల ఏళ్ల కిందట ఈ వాసన నిండి ఉండేది కదా అనుకుంటే, ఏదో తెలిసినవాళ్ల ఇంటికి వచ్చినట్టే అనిపించింది.

అమ్మ గుప్పెళ్లతో చేసిన పనిని వాళ్లు బస్తాలతో చేసేవారు. పంట నూర్చి బార్లీని పెద్ద తొట్టిలో రెండు మూడు రోజులు నానబెట్టడం, మధ్యమధ్య నీళ్లు వదిలేసి గింజకు ఊపిరాడనివ్వడం. తర్వాత పొడవాటి గదిలో నేలంతా జానెడు లోపు మందాన పరవడం. మొలక వస్తున్న గింజ వేడి పుట్టిస్తుంది. అలాగే వదిలేస్తే లోపలిది ఉడికినట్టయి పాడవుతుంది. వేళ్లు ఒకదానికొకటి అల్లుకుని చాపలా అతుక్కుపోతాయి. అందుకని పగలూ రాత్రీ దాన్ని తిరగేస్తూ ఉండాలి. వెడల్పాటి చెక్క పారలు వాడేవారు. ఇనుము అయితే గింజ చితుకుతుంది, చితికిన గింజకు బూజు పడుతుంది. ఆ భయంతోనే గదిలో మెత్తటి జోళ్లతో నడిచేవారు, కొన్నిచోట్ల వట్టి కాళ్లతో. అర్ధరాత్రి లాంతరు పట్టుకుని, చెప్పులు గుమ్మం బయట విడిచి, నిద్రపోతున్న పిల్లల పక్కన నడిచినట్టు గింజల మధ్య నడిచే మనిషి నాకు కళ్లకు కట్టాడు.

జానెడు మందం గింజకు ఎత్తైన గది ఎందుకు? కప్పు పైకి పోయిన కొద్దీ చలీ వేడీ చెప్పుచేతల్లో ఉండవు. పార తిప్పే మనిషి ఎటూ నడుం వంచే ఉంటాడు. అందుకే కప్పును కిందికి దించి కట్టారు. కిటికీలు వెలుతురు కోసం పెట్టినవి కావు, గాలిని కాస్త ఎక్కువో తక్కువో రానివ్వడానికి పెట్టినవి. అవీ చిన్నవే. మధ్యాహ్నం మూడింటికే లైటు వేయాలని, సీలింగ్ ఫ్యాను మాట దేవుడెరుగు, గోడ గడియారం పెట్టే చోటు కూడా లేదని మేనకోడలు చెప్పేది. చెబుతూ చెబుతూ తనే నవ్వి, “బార్లీకి గడియారం ఎందుకులే” అనేది.

ఆ ఇంట్లో తల వంచకుండా పరిగెత్తే మనిషి ఒక్కతే. ఏడేళ్ల మనవరాలు. “ఈ ఇల్లు నా సైజు తాతయ్యా” అని మొదటి రోజే చెప్పింది. వచ్చిన ప్రతివాళ్లూ గుమ్మంలో వంగుతుంటే అది దూలం కింద నిటారుగా నిలబడి చూసేది. పెద్దవాళ్లంతా తనకు నమస్కారం పెడుతున్నట్టు ఉండేదేమో.

నిలువునా నిలబడగలిగిన గది ఒకటుంది, ఇంటి చివర. అది వీళ్ల పడకగది. నాలుగు పక్కల కప్పూ పైకి పోయి ఒక మొన దగ్గర కలుస్తుంది. అక్కడ పడుకుంటే గుడి గోపురం లోపల పడుకున్నట్టుంటుంది. ఒకప్పుడు అది బట్టీ. పొట్టు కింద మొలక గింజ పొడవులో ముప్పాతిక వంతు పెరిగేదాకా ఆగి, ఇక చాలు అన్నప్పుడు గింజలను ఇక్కడికి తెచ్చేవారు. కింద నిప్పు, పైన గుర్రపు వెంట్రుకలతో నేసిన గుడ్డ, దాని మీద గింజలు. తర్వాతి కాలంలో ఆ గుడ్డ పోయి, సన్నటి చిల్లులున్న పెంకులు వచ్చాయి. వేడి గాలి పైకి లేచి, గింజలోని తడిని పట్టుకుని, ఆ మొనలోంచి బయటికి పోయేది. గాలి బాగా లాగాలి కాబట్టి ఆ ఒక్క గదికి అంత ఎత్తు. ఇప్పుడు అక్కడ ఒక మంచం, పుస్తకాల బీరువా, గోడకు తిరుపతి వెంకన్న పటం.

పక్క భాగంలో ఇంటావిడ ఉంటుంది. ఎనభై దాటిన మనిషి. ఒక సాయంత్రం తలుపు తట్టి, చేతిలో టార్చితో లోపలికి వచ్చింది. మేనకోడలు మా మామయ్యకు పాత ఇళ్లంటే ఇష్టమని చెప్పిందట. మోకాళ్ల నొప్పితోనే మెట్లెక్కి, పైగదిలో ఒక స్తంభం, దూలం కలిసే చోట టార్చిని పక్కనుంచి ఏటవాలుగా పట్టుకుంది. ఎదురుగా పడితే ఏమీ కనబడదు. పక్కనుంచి పడితే కర్ర మీద ఉలి గీతలు లేచి కనబడ్డాయి. ఒకచోట మూడు నిలువు గీతలు. దానికి అతికిన కర్ర మీదా అవే మూడు. పక్క స్తంభం మీద నాలుగు, దానికి ఎదురు నాలుగు.

అవి వడ్రంగి గుర్తులు. ఈ ఇళ్లను కట్టే తీరు వేరు. ముందుగా గోడలు లేపి వాటి మీద కప్పు వేయరు. ఓక్ దుంగలతో ఇంటి ఎముకల గూడంతా వడ్రంగి తన పెరట్లోనే నేల మీద పరిచి తయారుచేస్తాడు. ఒక కర్ర కొసను నాలుకలా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన గాడిలోకి దూరుస్తాడు. అడ్డంగా కన్నం పెట్టి చెక్క చీల దిగ్గొడతాడు. రెండు కర్రల కన్నాలూ సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, కావాలనే వెంట్రుకవాసి ఎడంగా పెడతాడు. చీల దిగుతుంటే కర్ర కర్రను లాక్కుంటుంది. అన్నీ కుదిరాయని చూసుకున్నాక, ఏ కర్ర దేనికి జతో తెలిసేలా గీతలు గీసి, మొత్తం విప్పి బండ్లకెత్తి, ఇల్లు కట్టే చోటికి తీసుకెళ్లి నిలబెడతాడు. ఉలితో గుండ్రంగా గీయడం కష్టం గనక ఆ లెక్కంతా తిన్నటి గీతలే. చదువు వచ్చో రాకో గానీ పొరపాటు లేకుండా గీసుకున్న ఆ లెక్క ఇంకా అలాగే ఉంది. వేలు పెట్టి తడిమాను. అంచు ఇప్పటికీ కరుగ్గానే ఉంది.

మన వడ్రంగులు టేకు బాగా ఆరిందా లేదా అని ఏడాది ఎదురుచూస్తారు. వాళ్లు పచ్చి ఓక్‌తోనే కట్టేవారు. ఆరిన ఓక్ రాయిలా అయిపోతుంది, ఉలికి లొంగదు. పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేసి, నిలబెట్టేసి, ఇంట్లోనే ఆరనిచ్చేవారు. ఆరుతూ ఆరుతూ కర్ర తనకు తోచినట్టు తిరుగుతుంది. బిగువు సడలదు, అతుకు ఇంకా బిగుస్తుంది, కానీ తిన్నగా ఉండాల్సినవి తిన్నగా ఉండవు. మనవరాలు నాకు చూపించింది. పైగదిలో తలుపు దగ్గర గోళీ వదిలితే అది కాసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా కదిలి, మంచం కింద నుంచి వెళ్లి కిటికీ గోడకు టక్కున తగులుతుంది. ఎన్నిసార్లు వదిలినా అదే దారి. ఆ పిల్ల ఆ దారిలో ఒక చిన్న ఊరు కట్టుకుంది, అగ్గిపెట్టెలతో ఇళ్లు పెట్టి.

గోడలో ఒకచోట పుస్తకమంత మేర పూత తీసేసి అద్దం బిగించారు, లోపల ఏముందో చూడ్డానికి. చూశాను. తడిక. సన్నటి కొమ్మలు అల్లి, దాని మీద మట్టి మెత్తారు. మట్టిలో గడ్డిపోచలు కనబడుతున్నాయి. “పేడ కూడా కలిపారా?” అని అడిగాను. ఇంటావిడ టార్చి కిందికి దించి నావైపు చూసింది. మీకెలా తెలుసు అంది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో వంటపాక గోడ ఇదేనని చెప్పాను. వెదురు తడిక, మట్టి, ఊక, పేడ. ఏటా సంక్రాంతికి ముందు అమ్మమ్మ మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో మెత్తేది. అర్ధచంద్రాల్లా వేళ్ల జాడలు గోడంతా ఉండేవి. ఇంటావిడ నన్ను ఆ జాడల గురించే మళ్లీ మళ్లీ అడిగింది. ఏ చేత్తో మెత్తేది, ఎటునుంచి ఎటు, నీళ్లు ఎంత కలిపేది. నేను గాలిలో చెయ్యి తిప్పి చూపిస్తే ఆవిడా తిప్పింది.

ఆవిడ ఆ ఇంటికి కాపురానికి వచ్చే నాటికి బయటి గోడలకు సిమెంటు పూసి ఉండేదట. గట్టిగా ఉంటుందని ముందువాళ్లు ముచ్చటపడి పూయించారు. ఓక్‌కూ మట్టికీ తడి పీల్చడం, మళ్లీ వదలడం అలవాటు. సిమెంటు ఆ తడిని లోపలే పట్టి ఉంచింది. మూడు వందల ఏళ్లు చెక్కుచెదరని దుంగల మొదళ్లు నలభై ఏళ్లలో పుచ్చిపోయాయి. పూత ఊడదీయించి, మళ్లీ సున్నం వేయించి, పుచ్చినంత మేరకే కర్ర కోసి కొత్త ముక్క అతికించారు. కొత్త కర్ర రంగు వేరుగా తెలుస్తూనే ఉంది, దాన్ని దాచలేదు. పాత కట్టడాలను కొత్తవాటిలా మెరిపించొద్దు, ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకుంటే చాలని 1877లో విలియం మోరిస్ ఒక సంఘమే పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది. గానుగ సున్నంతో కట్టిన మన పాత లోగిళ్లకు సిమెంటు పూయించి, తర్వాత గోడ చెమ్మెక్కిందని బాధపడేవాళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కర్లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఇంటావిడ కాస్త చిన్నబుచ్చుకుంది. ఆ దూలాల్లో కొన్నింటికి ఎందుకూ పనికిరాని పాత గాళ్లున్నాయి. పాత ఓడలను విప్పి తెచ్చిన కర్ర ఇదని వాళ్ల మామగారు చెప్పేవారట. ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రతి ఇంటివాళ్లూ ఆ మాటే చెబుతారట. చరిత్రకారులు మాత్రం చాలావరకు ఓడలు కావు, వేరే పాత ఇళ్ల కర్ర అంటారు. ఒక ఇల్లు పడిపోతే దాని దూలాలు ఇంకో ఇంటికి వెళ్లేవి. నాకైతే ఓడ కన్నా ఇదే బాగుందనిపించింది. మన ఊళ్లలో కూడా అంతే కదా. తాతల నాటి ఇల్లు పడగొడితే ద్వారబంధం తమ్ముడి ఇంటికి, స్తంభాలు మేనత్త ఇంటికి. పసుపు పూసిన ఆ గడప ఎక్కడికెళ్లినా, పెళ్లయి ఆ ఇంట్లో అడుగుపెట్టిన కోడళ్లందరూ దానితో పాటే వెళ్లినట్టుంటుంది.

ఇలాంటి మాల్టింగ్‌లు ఒకప్పుడు బార్లీ పండే ఊళ్లన్నింట్లో ఉండేవి. 1697లో మాల్ట్ మీద పన్ను వేశారు, 1880లో ఎత్తేశారు. ఆ మధ్య కాలమంతా గింజ నానబెట్టాలంటే ముందు సుంకం అధికారికి కబురు చేయాలి. ఆయన వచ్చి తొట్టిలో గింజను కొలుచుకునేవాడు. తర్వాత యంత్రాలు వచ్చాయి. గాలి పంపి గింజను తిరగేసే పెద్ద పెద్ద కర్మాగారాలు వచ్చాక, పల్లెల్లోని ఈ పొట్టి గదులకు పని లేకుండా పోయింది. నేల మీద పరిచి చేత్తో తిరగేసేవి ఇప్పటికీ ఒకటీ అరా ఉన్నాయి. విల్ట్‌షైర్‌లోని వార్మిన్‌స్టర్‌లో 1855 నాటిది అలాంటిదే. ఎసెక్స్‌లో గ్రేట్ డన్మో అనే ఊళ్లో 16వ శతాబ్దపు కర్ర కట్టడం ఒకటి ఊరివాళ్లు కాపాడుకుని మ్యూజియం చేసుకున్నారు. మిగతావి చాలావరకు ఇళ్లయ్యాయి.

ఆ మాల్ట్ పని చేసిన సఫోక్ కుర్రాళ్లకు ఇంకో కథ ఉంది. మాల్ట్ చేయడం చలికాలం పని. ఎండలు ముదిరితే గింజ అదుపు తప్పుతుంది. పొలం పని కోతలతో అయిపోతుంది. అందుకని కోతలు కాగానే ఇక్కడి పాలేళ్లు రైలెక్కి, దూరాన ఉన్న బర్టన్ అనే బీరు పట్టణానికి వెళ్లి, శీతాకాలమంతా అక్కడి మాల్టింగ్‌లలో పార తిప్పి, ఎండలు మొదలయ్యే వేళకు ఇంటికి వచ్చేవారు. జార్జ్ ఎవర్ట్ ఎవాన్స్ అనే ఆయన ఈ ప్రాంతపు పల్లెలోనే కాపురం ఉండి, ముసలివాళ్ల పక్కన కూర్చుని వాళ్ల మాటల్లోనే ఈ సంగతులన్నీ రాసుకున్నాడు. సంపాదించిన డబ్బుతో కొత్త సూటు వేసుకుని వాళ్లు ఊళ్లో దిగేవారట. దసరా వెళ్లాక మూటాముల్లె సర్దుకుని బస్సెక్కి, ఉగాది నాటికి పిల్లలకు కొత్త బట్టలతో దిగే మన పాలమూరు మనుషులు, శ్రీకాకుళం మనుషులు గుర్తొచ్చారు. ఇంటికి తిరిగొచ్చేవాడు ఏ దేశంలోనైనా ముందు బట్టలు మార్చుకుంటాడు కాబోలు. పడ్డ కష్టం ఇంట్లోవాళ్ల కంట పడకూడదని.

ఒకరోజు అందరం కలిసి స్నేప్ వెళ్లాం. ఆల్డ్ అనే నది ఒడ్డున, రెల్లు పొదల మధ్య, ఎర్ర ఇటుకల మాల్టింగ్‌లు వరసగా ఉంటాయి. కర్రవి కావు, చాలా పెద్దవి. 19వ శతాబ్దం మధ్యలో న్యూసన్ గారెట్ అనే వ్యాపారి కట్టించాడు. 1965లో అక్కడ మాల్ట్ పని ఆగిపోయింది. దగ్గర్లోనే ఉండే సంగీతకర్త బెంజమిన్ బ్రిటెన్ అందులో అన్నిటికన్నా పెద్ద గదిని కచేరీ మందిరం చేయించాడు. 1967లో రాణి ఎలిజబెత్ వచ్చి ప్రారంభించింది. రెండేళ్లు తిరగలేదు, 1969లో సంగీతోత్సవాల మొదటి రాత్రే అది కాలిపోయింది. గోడలు మిగిలాయి. ఏడాదిలో మళ్లీ కట్టారు, 1970లో రాణి మళ్లీ వచ్చింది. మేం వెళ్లినప్పుడు లోపల ఎవరో వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నారు. కచేరీ కాదు, శ్రుతి మాత్రమే. వట్టి ఇటుక గోడలు, వట్టి కర్ర కప్పు. ఆ ఒక్క తీగ చప్పుడు ఆ కొసన మొదలై మా పక్కనే వచ్చి కూర్చున్నట్టనిపించింది.

న్యూసన్ గారెట్‌కు చాలామంది పిల్లలు. ఒక కూతురు ఎలిజబెత్ డాక్టరు అవుతానంది. ఆడవాళ్లకు వైద్య కళాశాల తలుపులు తెరవని కాలం. మొదట కాదన్న తండ్రే తర్వాత కూతురి పక్కన నిలబడ్డాడు. 1865లో ఆమె బ్రిటన్‌లో డాక్టరుగా అర్హత సాధించింది, అలా సాధించిన తొలి ఆంగ్ల మహిళ. ఇంకో కూతురు మిలిసెంట్ ఆడవాళ్ల ఓటు హక్కు కోసం జీవితమంతా పనిచేసింది. బార్లీ నానబెట్టి అమ్మిన ఇంటి నుంచి వచ్చారు ఇద్దరూ. మేనకోడలు ఆ ఇటుక గోడ దగ్గర చాలాసేపు నిలబడింది. ఆ రోజు తనకు రాత్రి డ్యూటీ. కారులో తిరిగొస్తూ పెద్దగా మాట్లాడలేదు. ఇంటికి రాగానే దూలం కింద వంగి లోపలికి వెళ్లి, స్టెతస్కోపు బ్యాగులో పెట్టుకుని, పిల్ల తల నిమిరి, మళ్లీ వంగి బయటికి వెళ్లింది.

ఆ రాత్రి నిద్ర పట్టక, కప్పుకేసి చూస్తూ పడుకున్నప్పుడు మా అమ్మమ్మ వాళ్ల ఇల్లు తలపుకొచ్చింది. ఆ ఇంట్లో అన్నిటికన్నా మంచి గది గాదెది. ఎత్తు నేల, చెమ్మ తగలని చోటు, ఎలుక దూరని తలుపు. ఏడుగురు పిల్లలు వసారాలో చాపల మీద దొర్లేవారు, వడ్లు మాత్రం గదిలో హాయిగా పడుకునేవి. ఎవరూ దాన్ని వింతగా అనుకోలేదు. గాదె ముందు నుంచి వెళ్లేటప్పుడు చెప్పులు విడిచేవాళ్లం. కొత్త వడ్లు వచ్చిన రోజు అమ్మమ్మ గాదెకు బొట్టు పెట్టేది. ఎండాకాలం మధ్యాహ్నాలు గాదె అడుగున దూరి ఆడుకుంటుంటే, ఊక దుమ్ముతో కలిసిన ఆ వెచ్చటి వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. తర్వాత వడ్లు కళ్లం నుంచే లారీ ఎక్కడం మొదలయ్యాక, గాదె విప్పేసి ఆ గదిలో ఫ్రిజ్ పెట్టారు. ఆ తర్వాత మంచాలు వేశారు. మా పెద్ద మామయ్య పోయేముందు పడుకున్నది ఆ గదిలోనే. మేం దాన్ని చివరిదాకా గాదె గదే అన్నాం. అందులో గాదె చూడని పిల్లలు కూడా ఇప్పటికీ అలాగే అంటారు. “ఛార్జరు గాదె గదిలో ఉంది” అంటారు.

గింజ ఖాళీ చేసి వెళ్లిన గదుల్లో మనం పడుకుంటున్నాం. అక్కడ ఒక రకంగా, ఇక్కడ ఒక రకంగా. ఆ తలుపుల ఎత్తు, ఆ నేల వాలు, ఆ పేరు గింజ వదిలేసి వెళ్లినవి. మేనకోడలి ఇంట్లో ఏ తరంలోనూ ఎవరూ కప్పు పైకెత్తించలేదు. నాలుగైదు చేతులు మారి ఉంటుంది. ఇంటావిడ మామగారు ఆరడుగుల పైబడిన మనిషట. జీవితమంతా వంగే తిరిగాడట ఇంట్లో. ఎప్పుడైనా ఎత్తిద్దామనుకున్నారా అని అడిగితే, ఇంటావిడకు నా ప్రశ్న అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

నేను బయల్దేరే ముందురోజు ఆవిడ ఒక జామ్ సీసా పట్టుకొచ్చింది. సగం దాకా మాల్ట్ గింజలు. చూడ్డానికి మామూలు బార్లీలాగే ఉన్నాయి, కాస్త బంగారు రంగు. ఒకటి కొరికాను. పచ్చి బార్లీ పంటికి రాయిలా తగులుతుంది. ఇది పేలాపిండిలా పొడైపోయి, చివర్న తియ్యగా మిగిలింది. అమ్మ మాటే. ఆవిడ ఇంకో గింజ తీసి, మధ్యకు విరిచి, పొయ్యి పక్కనున్న పాత ఓక్ పలక మీద ఆనించి లాగింది. సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీత పడింది. మాల్ట్ బాగా కుదిరిందా లేదా అని పాతకాలం పనివాళ్లు ఇలాగే చూసేవారట. గట్టిగా ఉండి గీరుకుపోతే ఇంకా పచ్చిదని, తెల్లగా రాస్తే సరిగ్గా వచ్చిందని.

మనవరాలు చెయ్యి చాచింది. ఆవిడ సీసా మూత తీసి ముందు పెట్టింది. పిల్ల ఒక గింజ విరిచి, నాలుక కొంచెం బయటపెట్టి, పలక మీద ‘అ’ రాయడం మొదలుపెట్టింది. వాళ్లమ్మ వారాంతాల్లో నేర్పుతున్న ‘అ’. సున్నా చుట్టి, పక్కకు తిప్పేలోగా గింజ అరిగిపోయింది. వేళ్లకు అంటిన పిండి నాకి, ఇంకో గింజ తీసుకుంది.